ఓఆర్‌ఎస్‌లో చక్కెర ఎందుకు? మోషన్స్ అప్పుడు అన్ని నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

బెజవాడ_అమ్మ:

అందరికీ నమస్తే. మా బాబుకి ఆరేళ్లు. పోయిన వారం వాడికి నీళ్ల విరేచనాలు, మొదట్లో వాంతులు కూడా. ఇప్పుడు బాగానే ఉన్నాడు, స్కూల్‌కి వెళ్తున్నాడు, కాబట్టి ఇది ఎమర్జెన్సీ ప్రశ్న కాదు. డాక్టర్ గారు ఓఆర్‌ఎస్, జింక్ సిరప్ రాశారు, వాటితోనే తగ్గింది. కానీ ఆ రోజుల్లో ఇంట్లో జరిగిన వాదన ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

ప్యాకెట్ వెనకాల చదివితే అన్నిటికంటే ఎక్కువ ఉన్నది గ్లూకోజ్. మా అత్తయ్య గారు అది చూసి "మోషన్స్‌లో తీపి ఇస్తే ఇంకా ఎక్కువవుతాయి, ఉప్పు వేసిన నీళ్లు చాలు" అన్నారు. ఆవిడ మాట కొట్టిపారేయలేను, ఎందుకంటే పక్క ఫ్లాట్‌లో పాపకి ఇలాంటప్పుడే కూల్‌డ్రింక్ పట్టిస్తే నిజంగానే ఎక్కువైంది. మరి ఒక తీపి మంచిది, ఇంకో తీపి చెడ్డది ఎలా అవుతుంది?

ఇంకో సందేహం. వాడు పొద్దుట నుంచి తాగింది గ్లాసుడు కూడా ఉండదు, పోయింది మాత్రం దానికి ఎన్నో రెట్లు. ఆ నీళ్లన్నీ ఎక్కడివి?

చివరిది, రెండు ముద్దలు తినగానే బాత్రూంకి పరిగెత్తేవాడు. "తిన్నది తిన్నట్టే పోతోంది, ఇంక ఏమీ పెట్టకు" అన్నారు అందరూ. డాక్టర్ గారేమో పెట్టమన్నారు. ఎవరు చెప్పింది చేయాలో నాకు తెలుసు, కానీ ఎందుకో తెలుసుకోవాలని ఉంది. కొంచెం వివరంగా చెప్పేవాళ్లు ఉంటే చెప్పండి, బయాలజీ ఇంటర్‌తో ఆపేశాను కానీ అర్థం చేసుకోగలను.

---

ఫిజియాలజీ_కాకినాడ:

చాలా మంచి ప్రశ్నలు మేడమ్. నేను మెడికల్ కాలేజీలో ఫస్టియర్ వాళ్లకి ఈ పాఠమే చెప్తాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. మీ రెండో ప్రశ్నతో మొదలుపెడితే మొదటిది దానంతట అదే తేలుతుంది.

మన పేగుల్లోకి రోజూ చేరే నీళ్లలో మనం తాగేది చాలా తక్కువ భాగం. పెద్దవాళ్ల లెక్క చెప్తాను. తాగే నీళ్లు, తిండిలో ఉండే నీళ్లు కలిపి సుమారు 2 లీటర్లు. దానికి మన ఒళ్లే కలిపేది చూడండి: లాలాజలం ఒకటి ఒకటిన్నర లీటర్లు, పొట్టలో ఊరే జఠరరసం 2 లీటర్ల పైన, కాలేయం నుంచి వచ్చే పైత్యరసం అర లీటరు నుంచి లీటరు, క్లోమరసం ఒకటిన్నర లీటర్లు, చిన్నపేగు గోడల్లోంచి ఇంకో లీటరు. మొత్తం మీద రోజుకి దాదాపు 9 లీటర్లు చిన్నపేగులోకి వస్తాయి, అందులో 7 లీటర్లు మన రక్తంలోంచే వచ్చినవి. పెద్ద మనిషి రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం మొత్తం సుమారు 3 లీటర్లే అని గుర్తుపెట్టుకుంటే ఈ అంకె ఎంత పెద్దదో అర్థమవుతుంది. అంటే రక్తంలో ఉన్న నీటికి రెట్టింపు పైన ప్రతిరోజూ పేగులోకి దిగి మళ్లీ రక్తంలోకి చేరుతోంది. అందులో ఏడెనిమిది లీటర్లు చిన్నపేగే పీల్చేస్తుంది, మిగిలిన లీటరు లీటరున్నర పెద్దపేగు పీల్చుకుంటుంది, చివరికి మలంలో పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు.

ఇదంతా సజావుగా జరిగినన్నాళ్లు మనకి తెలియదు. జబ్బు చేసినప్పుడు పీల్చుకోవడం తగ్గుతుంది, లేదా ఊరడం పెరుగుతుంది, చాలాసార్లు రెండూ కలిసి జరుగుతాయి. పెద్దపేగు అవసరమైతే రోజుకి నాలుగైదు లీటర్ల దాకా పీల్చగలదు, కానీ పైనుంచి అంతకంటే ఎక్కువ వస్తే చేతులెత్తేస్తుంది. మీ బాబు ఏమీ తాగకపోయినా నీళ్లు అంతలా పోవడానికి కారణం ఇదే, అవి వాడి ఒంట్లోని నీళ్లు. అందుకే "తాగించకపోతే మోషన్స్ ఆగుతాయి" అనే ఆలోచన అంత ప్రమాదం.

ఇప్పుడు చక్కెర సంగతి. పేగు గోడకి నీళ్లని నేరుగా లాగే పంపు ఏదీ లేదు. అది లవణాలనీ చక్కెరనీ లాగుతుంది, నీళ్లు వాటి వెనక వెళ్తాయి, ఇంటర్‌లో చదివిన ద్రవాభిసరణ గుర్తుండే ఉంటుంది. చిన్నపేగు లోపలి గోడ మీద ఆంత్ర చూషకాలు అనే సన్నటి వేళ్లలాంటివి ఉంటాయి కదా, వాటి మీది కణాలకి ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. దాన్ని ఒక ద్వారం అనుకోండి. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు, ఈ మూడూ కలిసి వస్తేనే అది తిరిగి లోపలికి పంపిస్తుంది. ఉప్పు ఒక్కటే వస్తే పంపదు, గ్లూకోజ్ ఒక్కటే వచ్చినా పంపదు. లోపలికి వెళ్లిన సోడియంని కణం రెండోవైపు ఉన్న పంపు రక్తం వైపు తోసేస్తుంది, గ్లూకోజ్ ఇంకో దారిలో అటే వెళ్తుంది, వాటితో పాటు నీళ్లూ వెళ్తాయి.

ఉప్పు ఒంటరిగా వెళ్లే దారులు వేరే ఉన్నాయి, మామూలు రోజుల్లో అవీ పనిచేస్తాయి. కానీ కలరా లాంటి జబ్బుల్లో ముందు మూసుకుపోయేవి అవే. ఆ క్రిమి వదిలే విషం పేగు కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థాన్ని విపరీతంగా పెంచుతుంది, దాంతో క్లోరైడ్ బయటికి పోయే మార్గాలు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోతాయి, క్లోరైడ్ వెంట సోడియం, సోడియం వెంట నీళ్లు. అదే సంకేతం ఉప్పు మామూలుగా లోపలికి వెళ్లే దారిని ఆపేస్తుంది. గ్లూకోజ్‌తో కలిసి వెళ్లే ద్వారాన్ని మాత్రం ఆ విషం ముట్టుకోదు. కలరా ముదిరినవాళ్లు గంటకి లీటరు దాకా నీళ్లు పోగొట్టుకోవచ్చు, అలాంటి స్థితిలో కూడా ఆ ద్వారం పనిచేస్తూనే ఉంటుంది.

అత్తయ్య గారికి ఇలా చెప్పండి: వట్టి ఉప్పునీళ్లు ఇస్తే అందులో ఎక్కువ భాగం ఎలా వచ్చాయో అలాగే పోతాయి, దాంట్లో కొలిచి గ్లూకోజ్ కలిపితే లోపలికి వెళ్తాయి. ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ శక్తి కోసం కాదు, రుచి కోసం అంతకన్నా కాదు, ఉప్పుని లోపలికి తీసుకెళ్లడానికి.

---

సైట్_ఇంజినీర్_కరీంనగర్:

పై రిప్లై అద్భుతం సార్. కానీ కూల్‌డ్రింక్ ప్రశ్న మిగిలిపోయింది. అందులోనూ చక్కెర ఉంది కదా, కాస్త ఉప్పు వేసి ఇస్తే సరిపోదా? మా సైట్ మీద ఎండాకాలం చాలామంది చేసేది అదే.

---

ఫిజియాలజీ_కాకినాడ:

సరిపోదు అన్నా, అక్కడ దెబ్బతీసేది మోతాదు. ఓఆర్‌ఎస్‌లో 100 మిల్లీలీటర్లకి గ్లూకోజ్ 1.35 గ్రాములు. మామూలు కోలా డ్రింకులో అదే 100 మిల్లీలీటర్లకి చక్కెర 10 గ్రాములు దాటి ఉంటుంది, ఏడెనిమిది రెట్లు.

పొట్ట దాటి చిన్నపేగు మొదటి భాగంలోకి ఏది వచ్చినా, అది రక్తం కంటే చిక్కగా ఉంటే, రక్తంలోంచి నీళ్లు పేగులోకి వచ్చి దాన్ని పలచన చేస్తాయి. రెండూ సమానం అయ్యేదాకా అది ఆగదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఇది సమస్య కాదు, కింద పేగు అంతా తిరిగి పీల్చుకుంటుంది. మోషన్స్ ఉన్న పిల్లాడికి కూల్‌డ్రింక్ పట్టిస్తే అసలే నీళ్లు చాలని రక్తం ఇంకొన్ని నీళ్లు పేగులోకి పంపాలి, పైగా ఆ చక్కెరంతా అరగక పెద్దపేగు దాకా వెళ్తే అక్కడ కూడా నీళ్లని పట్టి ఉంచుతుంది. పక్క ఫ్లాట్ పాపకి జరిగింది ఇదే అయి ఉండాలి. అత్తయ్య గారు చూసింది నిజమే, తీపి ఎక్కువైతే మోషన్స్ పెరుగుతాయి.

ఓఆర్‌ఎస్ కూడా ఇదే లెక్క చూసి మార్చారు. పాత ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 20 గ్రాములు, మొత్తం సాంద్రత (లీటరులో కరిగి ఉన్న కణాల లెక్క, మిల్లీఆస్మోల్స్‌లో) 311, అంటే రక్తం కంటే కొంచెం చిక్కన. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ దాన్ని 245కి తగ్గించాయి. ఇప్పుడు లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. బరువులో కాకుండా అణువుల లెక్కలో చూస్తే గ్లూకోజూ సోడియమూ లీటరుకి 75 మిల్లీమోల్స్ చొప్పున సరిసమానంగా వస్తాయి. రక్తం కంటే కాస్త పలచగా ఉండటం వల్ల నీళ్లు పేగులోంచి రక్తం వైపే వెళ్తాయి.

మీ సైట్ సంగతి వేరు, అక్కడ పోయేది చెమట. దానికి ఉప్పు వేసిన మజ్జిగ బాగానే పనిచేస్తుంది.

---

సిస్టర్_పాడేరు:

నేను ఏజెన్సీ ఏరియాలో ఏఎన్‌ఎమ్‌ని. సార్ సైన్స్ చెప్పారు, నేను కలపడం చెప్తాను, ఎందుకంటే ఇళ్లకి వెళ్లినప్పుడు నాకు కనిపించే తప్పులన్నీ కలపడంలోనే ఉంటాయి.

ప్యాకెట్లు ఒకటే సైజు కాదు. కొన్ని లీటరు నీళ్లకి, కొన్ని 200 మిల్లీలీటర్లకి. మీద రాసి ఉంటుంది, చదివి కలపాలి. లీటరు ప్యాకెట్ గ్లాసు నీళ్లలో కలిపేస్తే అది ఐదింతలు చిక్కన, పిల్లాడికి హాని. చెంచాడు పొడి గ్లాసులో వేసి మిగతాది మడిచి అల్మారాలో పెట్టేవాళ్లు చాలామంది, అది కూడా వద్దు, ఎందుకంటే పొడిలో ఉప్పూ గ్లూకోజూ అన్నిచోట్లా సమానంగా ఉంటాయన్న నమ్మకం లేదు, అడుగున ఒకటి పైన ఒకటి చేరి ఉండొచ్చు. మొత్తం ప్యాకెట్ మొత్తం నీళ్లలో కలిపేసి మూత పెట్టుకోండి, 24 గంటలు దాటాక మిగిలింది పారబోయండి. కాచి చల్లార్చిన నీళ్లు వాడండి, కలిపాక మాత్రం మరిగించొద్దు. పాలల్లో, జ్యూస్‌లో కలపొద్దు, రుచి కోసం ఇంకో చెంచా పంచదార అసలు వేయొద్దు.

ప్యాకెట్ దొరకని చోట: లీటరు మంచినీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా, కుప్పగా కాదు, కత్తి వెనకతో గీసి చదును చేసి. కలిపాక మీరు నోట్లో వేసుకుని చూడండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. ఇందులో పొటాషియం ఉండదు కాబట్టి అరటిపండు పెట్టండి, ప్యాకెట్ దొరకగానే దానికి మారిపోండి.

రెండేళ్ల లోపు పిల్లలకి మోషన్ అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆ పైన పదేళ్ల దాకా 100 నుంచి 200. గ్లాసు ఎత్తి తాగించొద్దు, చిన్నపిల్లలకి చెంచాతో, నిమిషం రెండు నిమిషాలకి ఒకటి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాలి. "వాంతి అయింది, ఇంక పడదు" అని మానేయడం వల్లే చాలామంది సెలైన్ దాకా వెళ్తున్నారు.

పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో ఎత్తి వదిలినప్పుడు ఠక్కున పోకుండా మడత అలాగే కాసేపు నిలబడితే, కళ్లు లోపలికి పోతే, పిల్లాడు మత్తుగా ఉండి తాగలేకపోతే, ఆరేడు గంటలుగా ఉచ్చ పోయకపోతే, మలంలో రక్తం కనిపిస్తే ఇంట్లో ఉండొద్దు, ఆసుపత్రికి వెళ్లండి, దారి పొడుగునా చెంచాతో పడుతూనే వెళ్లండి.

---

బెజవాడ_అమ్మ:

సిస్టర్ గారూ, కాకినాడ సార్, ఇద్దరికీ చాలా థాంక్స్. కత్తితో చదును చేయడం నాకు ఎవరూ చెప్పలేదు. ఇది మా ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతాను. ఒక్కటి, వాడికి ఓఆర్‌ఎస్ ఇచ్చినా మోషన్స్ వెంటనే ఆగలేదు. దాన్ని చూసే ఇంట్లో "ఇది పనిచేయట్లేదు" అన్నారు. అది మామూలేనా?

---

పీజీ_పీడియాట్రిక్స్:

మామూలే మేడమ్, ఇది అందరికీ తెలియాల్సిన విషయం కూడా. ఓఆర్‌ఎస్ మోషన్స్‌ని ఆపదు. ఆపుతుందని ఎవరైనా చెప్పి ఇస్తే రెండో పూటకే నమ్మకం పోతుంది. అది చేసేది పోయిన నీళ్లనీ ఉప్పునీ తిరిగి ఇవ్వడం, ఈలోపు పేగు తనంతట తాను బాగుపడుతుంది.

ఎలా బాగుపడుతుందో చెప్తా. చిన్నపేగు లోపలి పొరలో కణాలు మూడు నుంచి ఐదు రోజులకి మొత్తం మారిపోతాయి. ఆంత్ర చూషకాల మొదట్లో ఉండే గుంతల్లో కొత్తవి పుడతాయి, అవి మెల్లగా పైకి జరిగి, కొసకి చేరాక రాలిపోతాయి. పిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటా వైరస్ లాంటివి దెబ్బతీసేది కొసల్లో ఉన్న ముదురు కణాలని, పీల్చుకునే పని చేసేవి అవే. కింద గుంతల్లోంచి కొత్తవి పైకొచ్చి పని నేర్చేదాకా టైమ్ పడుతుంది, అందుకే మోషన్స్ కొన్ని రోజులు సాగుతాయి. పాలలోని చక్కెరని (లాక్టోజ్‌ని) విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ కూడా ఆ కొస కణాల మీదే ఉంటుంది కాబట్టి కొందరు పిల్లలకి జబ్బు తగ్గాక కూడా కొన్నాళ్లు పాలు పడవు. పెరుగు పడుతుంది, ఎందుకంటే అందులో లాక్టోజ్‌ని కొంత బాక్టీరియా ముందే తినేస్తుంది. తల్లిపాలు తాగే పిల్లలకి మాత్రం తల్లిపాలు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు.

జింక్ ఇచ్చేది ఆ పొర త్వరగా బాగుపడటానికే. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, ఆ లోపు వాళ్లకి 10, మొత్తం 10 నుంచి 14 రోజులు. మోషన్స్ తగ్గిపోయాయి కదా అని మధ్యలో ఆపేస్తారు చాలామంది, మీ ఇంట్లో సీసా సగం మిగిలి ఉంటే డాక్టర్ చెప్పిన రోజుల దాకా వాడించండి.

తిన్న వెంటనే వెళ్లడం గురించి. పొట్టలో తిండి పడి అది సాగగానే పెద్దపేగుకి కదలమని సంకేతం వెళ్తుంది. నరాల ద్వారా, హార్మోన్ల ద్వారా కూడా. పసిపిల్లల్లో చూస్తాం కదా, పాలు తాగుతూ తాగుతూ డైపర్‌లో మోషన్ చేసేస్తారు. మీ బాబు రెండు ముద్దలు తినగానే పరిగెత్తాడంటే బయటికి వచ్చింది ఆ ముద్దలు కాదు, అంతకుముందు నుంచి పెద్దపేగులో చేరి ఉన్నది. మామూలుగా తిన్నది చిన్నపేగు దాటి పెద్దపేగుకి చేరడానికే కొన్ని గంటలు పడుతుంది, అక్కడ ఇంకా ఎక్కువ. మోషన్స్‌లో ఇది వేగం అవుతుంది కానీ నిమిషాల్లో కాదు. టమాటా తొక్క, మొక్కజొన్న పొట్టు కనిపించాయని భయపడతారు, అవి మామూలు రోజుల్లో కూడా అరగవు, సెల్యులోజ్‌ని విడగొట్టే ఎంజైమ్ మనుషులకి లేదు.

తిండి ఆపొద్దు అనడానికి అసలు కారణం వేరే. పేగు కణాలు తమకి కావలసిన పోషణలో చాలా భాగం రక్తంలోంచి కాకుండా పేగులో పోయే తిండి నుంచే తీసుకుంటాయి. కడుపు మాడిస్తే ఆ పొర ఇంకా పలచబడుతుంది. మెత్తటి అన్నం, పెసరపప్పు కట్టు, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు, ఏది తింటే అది కొద్దికొద్దిగా పెట్టండి.

ఇంకొకటి, మోషన్స్ ఆపే మాత్రలు పెద్దవాళ్లవి ఇంట్లో ఉంటే పిల్లలకి ఇవ్వకండి. అవి పేగు కదలికని ఆపేస్తాయి, నీళ్లు ఊరడం లోపల అలాగే సాగుతుంది, పొట్ట ఉబ్బిపోతుంది, పోయిన నీళ్ల లెక్క కూడా మనకి తెలియకుండా పోతుంది.

---

ఖరగ్‌పూర్_తెలుగు:

మేము మూడు తరాలుగా ఖరగ్‌పూర్‌లో ఉంటున్నాం, రైల్వే కుటుంబం. ఈ థ్రెడ్‌లో బెంగాల్ మాట రాకపోతే బాగుండదు, ఎందుకంటే ఈ కథలో సగం ఇక్కడిదే.

కలరా విషాన్ని కనిపెట్టినది కోల్‌కతాలో శంభునాథ్ డే. అప్పటిదాకా ఆ క్రిమి పేగు పొరని తినేస్తుందనీ, రక్తంలో కలిసి చంపుతుందనీ రకరకాలుగా అనుకునేవాళ్లు. ఆయన కుందేలు పేగులో ఒక ముక్కని రెండు వైపులా కట్టి, అందులోకి క్రిములు లేకుండా వడకట్టిన ద్రవాన్ని ఎక్కించి చూశారు. ఆ ముక్క నీళ్లతో ఉబ్బిపోయింది. అంటే క్రిమి ఉండక్కర్లేదు, అది వదిలిన పదార్థం చాలు. 1959లో ఆ వ్యాసం నేచర్ పత్రికలో వచ్చింది. ఆయనకి బతికుండగా మన దేశంలో దక్కాల్సిన గౌరవం దక్కలేదు, అది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

సరిగ్గా ఆ తర్వాతి ఏడాది, 1960లో, ప్రాగ్‌లో జరిగిన సమావేశంలో రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ బయోకెమిస్ట్ సోడియం, గ్లూకోజ్ కలిసే లోపలికి వెళ్తాయని ప్రతిపాదించారు, కాకినాడ సార్ చెప్పిన ద్వారం అదే. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ కలరా రోగులకి ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లని నోటి ద్వారా ఇచ్చి, సెలైన్ అవసరం బాగా తగ్గుతుందని చూపించారు.

అయినా చాలామంది డాక్టర్లు నమ్మలేదు. నమ్మించింది 1971. బంగ్లాదేశ్ యుద్ధం, లక్షల మంది కాందిశీకులు సరిహద్దు దాటి బనగావ్ చుట్టుపక్కల క్యాంపుల్లో చేరారు, కలరా మొదలైంది. దిలీప్ మహలనబిస్ అక్కడి ఆసుపత్రిలో పనిచేస్తున్నారు, నేల మీద పడుకోబెట్టిన రోగుల మధ్య మోకాళ్ల మీద కూర్చుని వైద్యం చేయాల్సి వచ్చిందని తర్వాత ఆయనే చెప్పారు. సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి. ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కొలిచి ప్యాకెట్లు కట్టించి, డ్రమ్ముల్లో కలిపి, రోగుల బంధువులనే తాగించమన్నారు. అంతకుముందు ఆ క్యాంపుల్లో కలరా వచ్చినవాళ్లలో నూటికి 30 మంది దాకా చనిపోయేవారు, ఆయన చూసుకున్న చోట అది నూటికి నలుగురి లోపుకి పడిపోయింది. 1978లో లాన్సెట్ పత్రిక ఈ సోడియం, గ్లూకోజ్ సంగతి తెలియడాన్ని ఇరవయ్యో శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి కాగలదని రాసింది. మహలనబిస్ గారు 2022లో పోయారు, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఇది తల్లులు, అక్కలు, పక్క మంచం మీది బంధువులు ఇచ్చిన వైద్యం. నర్సు చేయి దొరకని చోట ఇంటివాళ్ల చేతులతో అంతమంది బతికారు.

---

గోదారి_గట్టు:

బాగా చెప్పారు. ఖరగ్‌పూర్ గారు అటు చెప్పారు కాబట్టి నేను మన వైపు ఒకటి చెప్తా. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. స్ప్రూ అంటే ఇదే ఆంత్ర చూషకాలు చదునైపోయి, తిన్నది ఒంటికి పట్టకుండా విరేచనాల్లో పోయే జబ్బు. ఆయనకీ వచ్చింది, బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికాలో లెడర్లే అనే మందుల కంపెనీలో ఆయన నడిపించిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసి చూపించింది. స్ప్రూ రోగులకి వచ్చే రక్తహీనతకి అది మందు అయింది. పొర రోజుల్లో మారిపోతుందని పైన పీజీ గారు రాశారు చూడండి, అంత వేగంగా కొత్త కణాలు పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి, ఆ విటమిన్ లోపలికి వెళ్లాల్సింది మళ్లీ ఆ చిన్నపేగు గోడలోంచే. గోడ పాడైతే విటమిన్ అందదు, విటమిన్ అందకపోతే గోడ బాగుపడదు.

ఇంకో మాట, మా అమ్మమ్మ వాళ్లు మోషన్స్‌కి గంజిలో ఉప్పు వేసి ఇచ్చేవాళ్లు. అది కూడా ఇదే లెక్కా?

---

ఫిజియాలజీ_కాకినాడ:

ఇదే లెక్క, ఒక రకంగా ఇంకా మంచి లెక్క. గంజిలోని పిండి పదార్థం ఒక్కసారిగా గ్లూకోజ్ అవదు, క్లోమరసంలోని ఎమైలేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొట్టేకొద్దీ కొంచెం కొంచెంగా గ్లూకోజ్ వస్తుంది, వచ్చింది వచ్చినట్టు సోడియంతో కలిసి లోపలికి వెళ్తుంది. పిండి అణువులు పెద్దవి, లెక్కకి తక్కువ, అందువల్ల ద్రవం చిక్కన అవదు. బియ్యంతో చేసిన ఓఆర్‌ఎస్ కలరా రోగుల్లో గ్లూకోజ్ ఓఆర్‌ఎస్ కంటే మోషన్స్ పరిమాణాన్ని కూడా తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. ఉప్పు కొలత ఒక్కటే జాగ్రత్త, చేతి వాటంగా వేయకూడదు.

పచ్చి అరటికాయ కూడా పనికొస్తుంది. ఉడికించి మెత్తగా చేసి పెడితే అందులో అరగని పిండి పెద్దపేగుకి చేరుతుంది, అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలు చేస్తాయి, వాటితో పాటు పెద్దపేగు సోడియంనీ నీళ్లనీ పీల్చుకుంటుంది. బంగ్లాదేశ్‌లో పిల్లల మీద చూసి చెప్పిన సంగతి ఇది.

---

సైట్_ఇంజినీర్_కరీంనగర్:

మరి కొబ్బరి నీళ్లు? ఇంట్లో అందరూ మొదట తెచ్చేది అవే.

---

పీజీ_పీడియాట్రిక్స్:

తాగొచ్చు, కానీ ఓఆర్‌ఎస్ బదులు కాదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం చాలా తక్కువ. విరేచనాల్లో ఎక్కువగా పోయేది సోడియం. రెండు మోషన్స్ అయి పిల్లాడు హుషారుగా ఉంటే ఏది తాగినా ఇబ్బంది లేదు, ఎక్కువగా పోతున్నప్పుడు మాత్రం ఓఆర్‌ఎస్సే.

మెడికల్ షాపుల్లో ఓఆర్‌ఎస్ అని పేరులో పెట్టుకుని అమ్మే తియ్యటి టెట్రా ప్యాక్‌ల సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు వాటి మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా కాని డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. అయినా కొనేముందు ప్యాకెట్ తిప్పి చూడండి. సోడియం 75, గ్లూకోజ్ 75, మొత్తం 245 అని ఉంటేనే అది ఓఆర్‌ఎస్.

రోటా వైరస్ టీకా గురించీ ఒక్క మాట. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో దీన్ని మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకి నోట్లో చుక్కలు, ఉచితం. చంటిపిల్లలు ఉన్నవాళ్లు మర్చిపోకండి.

---

బెజవాడ_అమ్మ:

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అత్తయ్య గారికి మొత్తం చదివి వినిపించాను. గంజి దగ్గర ఆవిడ ముఖం వెలిగింది. ఆవిడదే ఒక ప్రశ్న: మావయ్య గారికి షుగర్ ఉంది, ఆయనకి మోషన్స్ అయితే ఓఆర్‌ఎస్ ఇవ్వొచ్చా?

---

ఫిజియాలజీ_కాకినాడ:

ఇవ్వొచ్చు అని చెప్పండి. 200 మిల్లీలీటర్ల గ్లాసులో గ్లూకోజ్ 2.7 గ్రాములు, అర చెంచా కంటే కాస్త ఎక్కువ. నీళ్లు తగ్గిపోయి రక్తం చిక్కబడటం షుగర్ ఉన్నవాళ్లకి అంతకంటే చాలా పెద్ద ప్రమాదం. మధ్యమధ్యలో షుగర్ చూసుకుంటూ ఇవ్వండి.

ఒక్క జాగ్రత్త ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతున్నారేమో చూడండి. పేగులో ఎస్‌జీఎల్‌టీ1 ఉన్నట్టే మూత్రపిండాల్లో దాని దగ్గరి చుట్టం ఎస్‌జీఎల్‌టీ2 ఉంటుంది, ఈ మాత్రలు దాన్ని ఆపి చక్కెరని మూత్రంలో పంపించేస్తాయి, చక్కెర వెంట నీళ్లూ పోతాయి. విరేచనాలతో ఒకవైపు, మూత్రంతో ఇంకోవైపు నీళ్లు పోతే మనిషి త్వరగా నీరసిస్తాడు, ఏమీ తినలేని స్థితిలో రక్తంలో కీటోన్లు కూడా పెరగొచ్చు. అందుకే వాంతులు, విరేచనాలు ఉన్న రోజుల్లో వీటిని తాత్కాలికంగా ఆపమని డాక్టర్లు చెప్తారు. బీపీకి నీళ్ల మాత్ర వాడుతుంటే దాని గురించీ అడగాలి. మీ అంతట మీరు ఆపకుండా ఇప్పుడే, బాగున్నప్పుడే, మావయ్య గారి మాత్రల చీటీ తీసుకెళ్లి ఆయన డాక్టర్‌ని అడిగి ఏది ఎప్పుడు ఆపాలో దాని మీదే రాయించుకోండి.